దొరికాక కూడా ఎందుకు వెతుకుతుంది?

ప్రియమైన పిల్లలకు,

మీ అందరికీ ఆశీస్సులు. సెలవుల్లో మీరంతా కలిసి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నారని తెలిసి చాలా సంతోషించాను. మీలో ఒకరు పంపిన ప్రశ్న నిన్నంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. మిగతావాళ్ల కోసం దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను. లూప్ అంటే ఒకే పనిని యంత్రం చేత మళ్లీ మళ్లీ చేయించడం, ఫర్ అందులో ఒక రకం.

"తాతయ్యా, ఏ రెండు సంఖ్యలు గుణిస్తే 391 వస్తుందో కనుక్కోవడానికి ప్రోగ్రామ్ రాశాను. బయట ఒక ఫర్ లూప్, దాని లోపల ఇంకో ఫర్ లూప్. రెండూ 2 నుంచి 100 దాకా. దొరగ్గానే చూపించి, కింద బ్రేక్ అని పెట్టాను. 17, 23 అని వచ్చింది. కానీ అక్కడితో ఆగలేదు. తర్వాత 23, 17 అని మళ్లీ వచ్చింది. బ్రేక్ అంటే ఆగాలి కదా, ఎందుకు ఆగలేదు?"

ఈ ప్రశ్న మీద చాలా పెద్దవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఇప్పటికీ అందరూ ఒక్క మాట మీదికి రాలేదు. అందుకే ఒక్కో భాషలో ఒక్కో జవాబు దొరుకుతుంది.

పుస్తకాల బీరువా ఒకటి ఊహించుకోండి. అందులో ఏదో ఒక పుస్తకంలో, ఏవో రెండు పేజీల మధ్య, మడతపెట్టిన కాగితం ఉంది. అది మనకి కావాలి. ఒక పుస్తకం తీస్తారు. మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పుతారు. లేకపోతే దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీస్తారు. పుస్తకాలు ఒక్కొక్కటే తీయడం బయటి లూప్. తీసినదాంట్లో పేజీలు తిప్పడం లోపలి లూప్.

కాగితం దొరికింది అనుకోండి. మీరైతే ఏం చేస్తారు? బీరువా తలుపు వేసేసి కాగితం పట్టుకుని పరుగెత్తుకొస్తారు. ఎందుకంటే దేనికోసం వెతుకుతున్నారో మీకు తెలుసు. కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు. దానికి మీరు చెప్పినవి రెండే పనులు, పుస్తకం తీయడం, పేజీ తిప్పడం. పేజీలు తిప్పుతున్న చోట మీరు బ్రేక్ అన్నారు. అది పేజీలు తిప్పడం ఆపేసింది. ఆ పుస్తకం పక్కన పెట్టి, బుద్ధిగా ఇంకో పుస్తకం తీసింది. మీ మాట తూచా తప్పకుండా విన్నది.

ఎంత పని వృథా అయిందో లెక్కేద్దాం. బ్రేక్ అనేదే లేకపోతే 99 సార్లు 99, అంటే 9,801 గుణకారాలు చేయాలి. మీరు పెట్టిన బ్రేక్ వల్ల అది 9,641కి తగ్గింది. అంతే. అదే 17, 23 దొరికిన క్షణంలో రెండు లూపుల్లోంచీ బయటికి వచ్చేసి ఉంటే 1,507 గుణకారాలతో పని అయిపోయేది.

ఇంకా తగ్గించొచ్చు. మనం వెతికే కాగితం పెద్దదనుకోండి. అరచేతిలో ఇమిడే చిన్న పుస్తకం చేతికొస్తే దాని పేజీలు తిప్పుతారా? పట్టే అవకాశమే లేదు కాబట్టి అలాగే పక్కన పెట్టేస్తారు. కంటిన్యూ అంటే అదే. "దీనితో పని లేదు, తర్వాతది తియ్యి" అని చెప్పడం. మీ ప్రోగ్రామ్‌లో లోపలి లూప్ మొదలయ్యే ముందు, 391ని బయటి లూప్ సంఖ్యతో భాగిస్తే శేషం మిగులుతుందా అని అడిగి, మిగిలితే కంటిన్యూ అనండి. దొరగ్గానే రెండు లూపుల్లోంచీ బయటికి వచ్చేస్తే, అప్పుడు 16 భాగహారాలు, 22 గుణకారాలు సరిపోతాయి. వేలల్లో ఉన్న పని పదుల్లోకి దిగింది. మీ యంత్రం కొత్తది కాబట్టి మీకు తేడా తెలియకపోవచ్చు. ఒక లెక్కపెట్టే సంఖ్య పెట్టుకుని, ప్రతి గుణకారానికీ ఒకటి కలుపుతూ, చివర్లో దాన్ని చూపించమనండి. తేడా మీ కళ్లతో మీరే చూస్తారు.

బీరువా అనగానే నా చిన్నతనం గుర్తొచ్చింది. మా నాన్నకి ముఖ్యమైన కాగితాలు పుస్తకాల్లో దాచే అలవాటు ఉండేది. ఏదైనా అవసరం పడితే నన్ను స్టూలు ఎక్కించి వెతకమనేవారు. ఒక పుస్తకంలో ఎండిపోయిన ఆకు, ఇంకోదాంట్లో పెన్సిల్‌తో వేసిన లెక్కలు, ఎవరిదో తెలియని చేతిరాత. కాగితం దొరికేదాకా ప్రతి పుస్తకంలోనూ కాసేపు ఉండిపోయేవాణ్ణి. మా నాన్న కింద నుంచి ఎప్పుడూ ఒకే మాట అనేవారు: "దొరికితే ఆ పుస్తకం దగ్గరే ఆగిపోకు, స్టూలు దిగి వచ్చెయ్." ఆయన ప్రోగ్రామ్ అనే మాట విని ఉండరు. కానీ ఎక్కడ ఆగాలో చెప్పడమే కాదు, ఎక్కడిదాకా బయటికి రావాలో కూడా చెప్పేవారు. భాషలు తయారుచేసినవాళ్లకి అది పట్టుబడటానికి చాలా కాలం పట్టింది.

మొదట్లో బ్రేక్ కంటే గోటూదే రాజ్యం. 1957లో ఐబీఎం వాళ్ల ఫోర్‌ట్రాన్ అనే భాష వచ్చినప్పటి నుంచీ చాలా ప్రోగ్రాములు గోటూ మీదే నడిచాయి. ఫలానా గుర్తు ఉన్న వరుస దగ్గరికి వెళ్లు అంటే యంత్రం అక్కడికి గెంతుతుంది. లూపులోంచి బయటికి రావాలన్నా అదే. రాసేటప్పుడు హాయిగా ఉంటుంది. చదివేవాడికే కష్టం, ఎవరు ఎటు నుంచి వచ్చి ఈ వరుస మీద నిలబడ్డారో తెలియదు. 1966లో బోమ్, జాకోపిని అనే ఇద్దరు ఇటలీ శాస్త్రవేత్తలు, వరుసగా చేయడం, రెండింటిలో ఒకటి ఎంచుకోవడం, మళ్లీ మళ్లీ చేయడం, ఈ మూడింటితోనే ఏ ప్రోగ్రామునైనా రాయొచ్చని రుజువు చేశారు. 1968 మార్చిలో డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త గోటూ హానికరమని ఒక పత్రికకి ఉత్తరం రాశారు. ఒక ఉత్తరం! ఆ చిన్న ఉత్తరం ప్రోగ్రాములు రాసే పద్ధతినే మార్చింది.

మార్పు మరీ రెండో వైపుకి కూడా వెళ్లింది. 1970లో నిక్లౌస్ విర్త్ తెచ్చిన పాస్కల్‌లో బ్రేక్ లేనే లేదు. లూప్‌కి ఒకటే ద్వారం ఉండాలి, పైనో కిందో, మధ్యలోంచి దూకకూడదు అన్నది ఆనాటి పట్టుదల. అంటే ప్రతి పేజీ తిప్పే ముందూ "ఇంకా పేజీలున్నాయా, కాగితం ఇంకా దొరకలేదా" అని రెండు ప్రశ్నలు అడుగుతూ ఉండాలి. 1974లో డోనాల్డ్ క్నూత్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త దీని మీద సుదీర్ఘమైన వ్యాసం రాసి, కొన్ని లూపులకి మధ్యలోంచి బయటపడటమే సహజమని ఉదాహరణలతో చూపించారు. పాస్కల్ నేర్చుకుంటున్న విద్యార్థుల మీద చేసిన ఒక అధ్యయనం 1983లో వెలువడింది. మధ్యలోంచి బయటపడే వీలున్న లూప్ ఇచ్చినప్పుడే ఎక్కువమంది సరిగ్గా రాశారని అందులో తేలింది. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. స్టూలు ఎక్కి వెతికిన ఏ పిల్లవాడైనా మధ్యలోనే ఆగుతాడు.

డెన్నిస్ రిచీ 1970ల మొదట్లో తయారుచేసిన సీ భాషలో బ్రేక్, కంటిన్యూ రెండూ ఉన్నాయి. మీ పైథాన్‌కి అవి ఆ సంప్రదాయంలోంచే వచ్చాయి. కానీ సీలో ఒక చిక్కు ఉంది. అక్కడ బ్రేక్ లూప్‌లోంచే కాక స్విచ్ అనే, విలువని బట్టి పని ఎంచుకునే మరో కట్టులోంచి కూడా బయటికి తెస్తుంది. ఏది దగ్గరగా చుట్టి ఉంటే దాంట్లోంచి. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ దూరప్రాంత ఫోన్ల వ్యవస్థ దాదాపు తొమ్మిది గంటలపాటు కుదేలైంది. ఫోన్ కాల్స్‌ని కలిపే 114 స్విచ్చింగ్ కేంద్రాలు ఒకదాన్నొకటి పడగొట్టుకుంటూ మళ్లీ మళ్లీ ఆగిపోయాయి. కారణం వెతికితే సీలో రాసిన ఒక ప్రోగ్రామ్‌లో, స్విచ్ లోపలి ఇఫ్ అనే షరతు‌లో ఉన్న ఒక బ్రేక్ దగ్గర తేలింది. ఆ బ్రేక్ ఎక్కడికి తెస్తుందని రాసినవాళ్లు అనుకున్నారో, అది అక్కడికి తేలేదు. చేయాల్సిన పని కొంత దాటిపోయింది. మీకు 23, 17 అని రెండోసారి కనబడటానికీ, అమెరికాలో ఫోన్లు మూగబోవడానికీ మూలం ఒక్కటే. ఎందులోంచి బయటికి అన్నది పైకి చెప్పకుండా వదిలేయడం.

మరి పైకి చెప్పడం ఎలా? రెండు దారులు పుట్టాయి. ఒకటి, ఎన్ని లూపులు దాటాలో లెక్క చెప్పడం. పీహెచ్‌పీ అనే భాషలో బ్రేక్ 2 అని రాస్తే రెండు లూపుల్లోంచి బయటికి వస్తుంది. నాకిది నచ్చదు. రేపు ఆ బీరువాకి అరలు చేర్చారనుకోండి. ఇప్పుడు అరలు, పుస్తకాలు, పేజీలు, మూడు లూపులు. పాత 2 అలాగే ఉండిపోతుంది, మీరు పుస్తకాలు దాటి అరల దగ్గర ఇరుక్కుంటారు. యంత్రం తప్పని కూడా అనదు.

రెండోది, లూప్‌కి పేరు పెట్టడం. అడా భాష 1983 నాటికే ఇది చేసింది. జావా 1995లో గోటూని వాడకుండా నిషేధించి, పేరున్న లూప్‌లోంచి మాత్రం బయటికి రానిచ్చింది. గో, రస్ట్, స్విఫ్ట్ అనే భాషలు కూడా ఈ దారే పట్టాయి. బయటి లూప్‌కి బీరువా అని పేరు పెట్టి, లోపల దొరగ్గానే "బ్రేక్ బీరువా" అంటే చాలు. మధ్యలో ఎన్ని అరలు చేర్చినా ఆ మాట చెడదు. పిల్లలూ, ఎక్కడి నుంచి లేచి వెళ్తున్నామో చెప్పి వెళ్లడం ఇంట్లో మర్యాద అయినట్టే ప్రోగ్రామ్‌లోనూ మర్యాదే. మీ తర్వాత దాన్ని చదివేవాళ్ల మీద గౌరవం అందులో ఉంది.

"మరి పైథాన్‌లో పేరు ఎలా పెట్టాలి?" అని మీరు వెంటనే అడుగుతారు. పెట్టలేరు. 2007లో ఒకరు ఆ సదుపాయం కావాలని పద్ధతి ప్రకారం ప్రతిపాదన రాశారు. పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రాసమ్ ఒప్పుకోలేదు. నిజంగా అది తప్పనిసరయ్యేంత చిక్కు ప్రోగ్రాములు అరుదనీ, ఉన్నదాన్ని దుర్వినియోగం చేసేవాళ్లే ఎక్కువ కావచ్చనీ ఆయన అభిప్రాయం. నేనైతే పేర్ల పక్షమే, కానీ ఆయన మాటలో బలం లేదనను. ఎందుకంటే పైథాన్‌లో చక్కటి దారి ఒకటి ఉంది. వెతికే పని మొత్తాన్ని ఒక ఫంక్షన్‌గా, అంటే పేరు పెట్టి విడిగా కట్టిన పనిగా రాయండి. దొరగ్గానే రిటర్న్, అంటే పిలిచిన చోటికి తిరిగి వెళ్లు అనండి. రెండు లూపులున్నా పది ఉన్నా అన్నీ దాటి బయటికి వచ్చేస్తుంది, పైగా 17, 23 చేత్తో పట్టుకుని మరీ వస్తుంది. మా నాన్న చెప్పిన "స్టూలు దిగి వచ్చెయ్" అంటే ఇదే. రస్ట్‌లో అయితే లూప్ అనే లూప్‌లోంచి వచ్చే బ్రేక్ కూడా దొరికినదాన్ని వెంట తీసుకురాగలదు.

దొరక్కపోతే? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనే అడుగుతున్నాను. పేజీలన్నీ అయిపోయి లూప్ ఆగడం వేరు, కాగితం దొరికి ఆగడం వేరు. బయటికి వచ్చాక ఏది జరిగిందో తెలియాలి. పైథాన్‌లో ఫర్ లూప్ కింద, ఫర్‌కి సమానమైన వరుసలో, ఎల్స్ అని రాసి చూడండి. బ్రేక్ లేకుండా లూప్ పూర్తయితేనే అది నడుస్తుంది. ఇలాంటిది చాలా భాషల్లో లేదు. 1974లోనే చార్ల్స్ జాన్ అనే ఆయన ఇంకా ముందుకి వెళ్లారు. లూప్ ఏయే కారణాలతో ఆగవచ్చో ముందే పేర్లు పెట్టి, ఒక్కో కారణానికి తర్వాత చేయాల్సిన పని విడిగా రాసే పద్ధతి చెప్పారు. క్నూత్ కూడా దాన్ని తన వ్యాసంలో మెచ్చుకున్నారు. అది బాగా వ్యాప్తిలోకి రాలేదు. నాకు ఇప్పటికీ అందంగా కనిపిస్తుంది.

కంటిన్యూ గురించి ఒక జాగ్రత్త. వైల్ లూప్‌లో, అంటే షరతు నిజమైనంతసేపు తిరిగే లూప్‌లో, సంఖ్యకి ఒకటి కలిపే వరుస చివర్లో ఉంటే, దానికంటే ముందు కంటిన్యూ పెట్టకండి. పుస్తకం వద్దనుకున్నారు, కానీ చేతిలోంచి దించలేదు. మళ్లీ అదే పుస్తకం, మళ్లీ వద్దనుకోవడం. ఎప్పటికీ ఆగదు. అలా జరిగితే టెన్షన్ పడకండి, కంట్రోల్, సీ మీటలు కలిపి నొక్కితే ఆగుతుంది. పైథాన్ ఫర్‌లో ఈ బెడద లేదు, తర్వాతదాన్ని అదే చేతికి అందిస్తుంది.

ఇక మీకొక పని. ఫర్ లూప్ లోపల ట్రై (ఈ పని చేసి చూడు అనడం) పెట్టండి, ట్రై లోపల బ్రేక్ పెట్టండి, కింద ఫైనల్లీ (చివర్లో ఇది చెయ్యి అనడం) పెట్టి అందులో "పుస్తకం సర్దాను" అని చూపించమనండి. బ్రేక్ అనగానే యంత్రం లూప్ దాటి వెళ్లిపోవాలి కదా. మరి ఆ మాట కనిపిస్తుందా, కనిపించదా? నడపకముందే ఎవరి ఊహ వాళ్లు కాగితం మీద రాసుకోండి. తర్వాత బ్రేక్ తీసేసి అక్కడ కంటిన్యూ పెట్టండి. ఆ తర్వాత అంతా ఒక ఫంక్షన్‌లో పెట్టి, రిటర్న్ రాసి చూడండి. ఏమవుతుందో నేను చెప్పను. ఎవరి ఊహలు ఎక్కడ తేడా వచ్చాయో మాత్రం నాకు రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య