మబ్బుకు ఆవలి మెరుపు

ఉరుము వినపడగానే "అర్జునా, ఫల్గుణా" అంటూ కళ్లు మూసుకునే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. కళ్లు మూసినా తెరిచినా మనం చూడగలిగేది మబ్బు అడుగు భాగమే. పిడుగు అంటే మనకు కిందికి దిగిన పిడుగే. ఏ తాటిచెట్టు కాలింది, ఎవరి గొర్రెలు పోయాయి, వీధిలో ఎన్ని టీవీలు మాడిపోయాయి, ఇదే మాట్లాడుకుంటాం. సరిగ్గా ఆ క్షణంలోనే మబ్బు నెత్తి మీద, నేల నుంచి 50 మొదలు 90 కిలోమీటర్ల ఎత్తు దాకా, ఓ ఎర్రటి వెలుగు పూసి ఆరిపోయి ఉండొచ్చు. మనం "అ" అనే లోపే దాని పని అయిపోతుంది.

దాని పేరు స్ప్రైట్. కూల్‌డ్రింకు కాదు, గాలిలో తిరిగే చిలిపి దయ్యమని ఆ మాటకు అర్థం. అలాస్కా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త డేవిస్ సెంట్‌మన్ పెట్టాడు. అదేమిటో, ఎందుకు పుడుతోందో అప్పటికి తేలలేదు కాబట్టి, ముందే ఓ కారణాన్ని అంటగట్టే పేరు వద్దనుకున్నాడట. తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచిన ఆ పద్ధతి నాకు భలే నచ్చింది.

రాత్రిపూట విమానాలు నడిపేవాళ్లు ఇలాంటివి చూశామని ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. నవ్వుతారేమోనని నోరు మెదపనివాళ్లూ ఉన్నారు. ఆధారం 1989 జులై 6 రాత్రి అనుకోకుండా దొరికింది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ జాన్ వింక్లర్ బృందం రాకెట్‌లో పంపడానికి ఓ వీడియో కెమెరాను పరీక్షిస్తోంది. కటిక చీకట్లోనూ బొమ్మ పట్టగల కెమెరా అది. తర్వాత టేపు వేసి చూస్తే, దూరాన ఉన్న ఉరుముల మబ్బు మీద పక్కపక్కనే రెండు వెలుగు స్తంభాలు! ఆ కబురు తెలిశాక నాసా వాళ్లు స్పేస్ షటిల్ టేపులు తిరగేస్తే వాటిలోనూ ఇలాంటివి బయటపడ్డాయి. 1993 జులైలో కొలరాడోలో వాల్టర్ లయన్స్ తన కెమెరాను దూరపు మబ్బుల వైపు తిప్పి పెడితే ఒక్క రాత్రిలోనే 240కి పైగా దొరికాయి. అరుదు అనుకున్నది అరుదేం కాదు. అటు చూసిన కన్నే కరువైంది.

చిత్రమేమిటంటే, ఇలా జరగాలని అంతకు అరవై ఏళ్ల ముందే ఒకాయన లెక్క కట్టాడు. స్కాట్లాండ్‌కు చెందిన సి.టి.ఆర్. విల్సన్, 1927లో నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త. ఆయన తర్కం తేలికే. మబ్బులోని విద్యుదావేశం చూపించే బలం పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. కానీ గాలి అంతకన్నా వేగంగా పల్చబడిపోతుంది. మన చుట్టూ ఉన్న గాలిలో నిప్పురవ్వ దూకాలంటే మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు కావాలి. 75 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత ఇక్కడి దానిలో దాదాపు 30,000వ వంతే, అక్కడ మీటరుకు ఓ వంద వోల్టులు చాలు. మన ఇంట్లో ప్లగ్గులో ఉండేదే 230. ఎక్కడో ఒక ఎత్తున మబ్బుది పైచేయి అయి తీరాలన్నమాట.

అలాగని ప్రతి పిడుగుకూ స్ప్రైట్ పుట్టదు. మామూలు పిడుగు మబ్బు కింది భాగంలోని ఋణావేశాన్ని నేలకు దించుతుంది. పదింటిలో ఒకటి మాత్రం ధనావేశాన్ని దించేది. పెద్ద గాలివానలో కుండపోత ముందుకు సాగిపోయాక, వెనక ముసురు పడే భాగం ఒకటి ఉంటుంది. అక్కడ మబ్బు పదుల, వందల కిలోమీటర్లు చాపలా పరుచుకుని ఉంటుంది. ఈ ధన పిడుగు ఆ చాపలోని ఆవేశాన్ని ఒక్కసారిగా నేలకు గుంజేస్తుంది. అప్పటిదాకా ఒకదాన్నొకటి సర్దుకుని ఉన్న ఆవేశాల లెక్క తప్పి, పైనున్న పల్చటి గాలి మీద ఆ భారమంతా పడుతుంది. వాన వెలిసిందిలే అని మనం కిటికీలు తెరిచే వేళకు పైన అసలు బాణసంచా మొదలవుతుంది.

సెకనుకు పదివేల ఫ్రేములు తీసే కెమెరాలతో దీన్ని నెమ్మదిగా చూశారు. ముందు పళ్లెంలాంటి మసక కాంతి కనిపిస్తుంది. దాని అడుగున ఓ చుక్క పుడుతుంది. ఆ చుక్క కిందికి జారుతూ మర్రి ఊడల్లా చీలిపోతుంది. ఊడలు దిగిన దారిలోంచే ఇంకొన్ని పాయలు పైకి లేచి కొమ్మల్లా విచ్చుకుంటాయి. ఈ పాయల తలలు సెకనుకు పదివేల కిలోమీటర్లు దాటిన వేగంతో పోవడం కూడా కొలిచారు. పైభాగం ఎరుపు, ఊడల చివరలు నీలం. రెండు రంగులూ నత్రజనివే. పైన అణువులకు తీరిక ఉంటుంది, ఉత్తేజం పొందాక ఎర్రటి కాంతిని వదిలేదాకా వాటిని కదిపేవాళ్లు ఉండరు. కింద గాలి చిక్కన, కాంతి వదిలేలోపే పక్క అణువు వచ్చి ఢీకొంటుంది, అందుకే అక్కడ ఎరుపు నిలవదు. మెరుపును వెల్డింగ్ నిప్పుతో పోలిస్తే ఇది ట్యూబ్‌లైట్ లాంటిది. వెలుగే తప్ప పెద్దగా వేడి ఉండదు.

స్ప్రైట్‌కు బంధువులూ ఉన్నారు. ఎల్వ్ అనేది 90 కిలోమీటర్ల ఎత్తున వందల కిలోమీటర్ల వెడల్పుకు వ్యాపించే వెలుగు ఉంగరం, దాని ఆయుష్షు మిల్లీసెకను లోపే. బ్లూ జెట్ మాత్రం మబ్బు నెత్తి నుంచే నీలి ఫౌంటెన్‌లా పైకి చిమ్ముతుంది.

ఈ నీలి మెరుపుల కథలో మన బంగాళాఖాతానికి మంచి పాత్రే ఉంది. 2015 సెప్టెంబరులో డెన్మార్క్ వ్యోమగామి ఆండ్రియాస్ మోగెన్‌సెన్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి, చేత్తో కెమెరా పట్టుకుని బంగాళాఖాతం మీది ఉరుముల మబ్బును 160 సెకన్లపాటు వీడియో తీశాడు. మబ్బు నెత్తి 18 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. ఆ కాసేపట్లోనే 245 నీలి మెరుపులు లెక్కకు వచ్చాయి. వాటిలో ఓ జెట్ 40 కిలోమీటర్ల ఎత్తు దాకా ఎగిసింది.

అంతకుముందు 2003 జనవరిలో కొలంబియా షటిల్ నుంచి కూడా స్ప్రైట్ల లాంటి వెలుగుల కోసం చూశారు. ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రామన్ వెంట తెచ్చిన ప్రయోగంలో ఇదీ ఒక భాగం. అదే నౌకలో మన కల్పనా చావ్లా కూడా ఉన్నారు. ఫిబ్రవరి 1న వాళ్లెవరూ తిరిగి రాలేదు. అప్పటికే నేలకు పంపిన వీడియోల్లో స్ప్రైట్లు, ఎల్వ్‌లు మిగిలాయి.

మరి మనం చూడాలంటే? పిడుగులకు మనకు కొదవ లేదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. కాకపోతే మన మీద కురిసే వాన పనికిరాదు, మబ్బే అడ్డం. పక్క జిల్లాల మీద వాన కురవాలి, మన ఆకాశం తేటగా ఉండాలి, చందమామ ఉండకూడదు. విజయవాడ మీద పెద్ద గాలివాన ఉందనుకుందాం. హైదరాబాద్ నుంచి తిన్నగా కొలిస్తే 250 కిలోమీటర్లు. చేయి చాచి బొటనవేలు అడ్డంగా పెడితే, ఆగ్నేయ దిక్కున ఆ మబ్బు ఎత్తు మొత్తం వేలి చాటుకు వస్తుంది. స్ప్రైట్ కనిపించేది అక్కడ కాదు. ఆకాశపు అంచు నుంచి ఓ పిడికిలి ఎత్తున మొదలై రెండు పిడికిళ్ల దాకా ఉంటుంది. అందరూ మెరుస్తున్న మబ్బునే చూస్తారు, మీరు దాని మీదున్న ఖాళీ చీకటిని చూడాలి. మామూలు డిజిటల్ కెమెరాను స్టాండు మీద పెట్టి, రెండు మూడు సెకన్ల ఎక్స్‌పోజర్‌తో ఆపకుండా ఫొటోలు తీస్తూ పోతే చిక్కే అవకాశం ఉంది.

పోయిన వేసవిలో నేను మూడు రాత్రులు మేడ మీద కాపు కాశాను. ఒకసారి ఎర్రగా ఏదో పడిందని ఎగిరి గంతేశాను. జూమ్ చేసి చూస్తే సెల్ టవర్ మీది లైటు. ఈసారి టవర్ లేని వైపు పెడతాను.