ముందు చక్రాలా, వెనక చక్రాలా?

గుత్తి కోట కనిపిస్తుండగా మా కారు ఆగిపోయింది. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, మే నెల మధ్యాహ్నం, చుట్టుపక్కల ఒక్క చెట్టు నీడ లేదు. గంటకు పైగా ఎదురుచూశాక, చెడిపోయిన బండ్లను లాక్కెళ్లే వ్యాను వచ్చింది. డ్రైవరు దిగి బానెట్ వంక చూడనైనా లేదు. ఇంజనుకు ఏమయిందనీ అడగలేదు.

"సార్, ఇది ముందు చక్రాలు లాగే బండా, వెనక చక్రాలు లాగే బండా?" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నాను. జవాబు వెంటనే తట్టలేదు. "ముందు చక్రాలే అనుకుంటాను" అన్నాను. నా 'అనుకుంటాను' అతనికి చాలలేదు. తువ్వాలు పరిచి దాని మీద మోకాళ్లూని, కారు కిందికి తొంగిచూశాడు. ఇంజను దగ్గర నుంచి వెనక ఇరుసు దాకా పొడవాటి గొట్టం లాంటి కడ్డీ ఏదీ లేదని తేల్చుకున్నాకే ముందు చక్రాలను పైకెత్తి, పట్టీలతో బిగించి, చేతిబ్రేకు వదిలేయమన్నాడు. రెండు మూడు కిలోమీటర్లు వెళ్లాక మళ్లీ ఆపాడు. చక్రం కుదురుకునే కొద్దీ పట్టీ వదులవుతుందట. ఇంకో మెట్టు బిగించాడు. తర్వాత నేల మీద దొర్లుతున్న వెనక చక్రాల నడిమి భాగానికి అరచేతి వెనక భాగాన్ని ఆనించి చూశాడు. వేడి లేదు. బ్రేకు ఎక్కడా పట్టుకోవడం లేదన్నమాట.

అతని ప్రశ్నకు మూలం ఒక పాత మాటలో ఉంది: కందెన. ఎడ్లబండి తోలిన ఇళ్లలో దీన్ని విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. కందెన లేని ఇరుసు ముందు కిర్రుమంటుంది, తర్వాత అరుగుతుంది. కారులో కందెన అవసరం ఇరుసుతో ఆగదు, గేర్ బాక్సుకు ఇంకా ఎక్కువ. మామూలుగా ఇంజను గేర్ బాక్సును తిప్పితే, అది చక్రాలను తిప్పుతుంది. బండిని వెనక కట్టి లాగుతున్నప్పుడు కథ తిరగబడుతుంది. నేల మీద దొర్లే చక్రాలే గేర్ బాక్సు లోపలి భాగాలను తిప్పడం మొదలుపెడతాయి.

ఆటోమేటిక్ గేర్ బాక్సులో నూనెను మూలమూలకూ చేర్చే పంపు ఒకటి ఉంటుంది. సాధారణంగా దాన్ని నడిపేది ఇంజనే. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. చక్రాల వైపు భాగాలు మాత్రం బండి వేగానికి తగ్గట్టు గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. బోరు ఆపేసి చేను తడవాలని కోరుకోవడం లాంటిదే ఇది. న్యూట్రల్‌లో పెట్టాం కదా అని చాలామంది ధైర్యం. న్యూట్రల్ విడదీసేది ఇంజనును, చక్రాలను కాదు. చేత్తో గేర్లు మార్చే బండ్లలో సాధారణంగా ఈ పంపు ఉండదు. అడుగున నిలిచిన నూనెలో మునిగి తిరిగే పళ్లచక్రాలే దాన్ని పైకి చిమ్ముతుంటాయి. వాటిలోనూ, ముఖ్యంగా వెనక చక్రాలు లాగే బండ్లలో, ఇంజను ఆగినప్పుడు నూనె చిమ్మే చక్రాలు నిలిచిపోయి, గేర్ బాక్సులో వాటికి పైన ఉన్న కడ్డీ ఒక్కటే పొడిగా తిరిగే ప్రమాదం ఉంది.

కాబట్టి ఇంజను తిప్పే చక్రాలు, అంటే బండిని లాగే చక్రాలు, గాలిలో ఉండాలి, ఊరికే దొర్లే చక్రాలు నేల మీద ఉండాలి. 1983 చివర్లో వచ్చిన మారుతి 800 ముందు చక్రాలు లాగే బండి. ముందు భాగం ఎత్తి లాగితే దానికి ఏ బాధా లేదు. అంబాసిడర్ వెనక చక్రాల బండి. దాన్ని అలాగే లాగాలంటే వెనక చక్రాలను తిప్పే ఆ పొడవాటి కడ్డీని విప్పేయాలి. నాలుగు చక్రాలూ లాగే బండిని ఇలా సగం ఎత్తి లాగకూడదు, మొత్తంగా ఎత్తి మరో బండి మీద పెట్టుకోవాల్సిందే.

వెనక చక్రాల బండిని వెనక నుంచి ఎత్తితే సరిపోదా, వెనక చక్రాలు పైన, ముందు చక్రాలు నేల మీద? నాకూ ఆ ఆలోచన వచ్చింది. కానీ ముందు చక్రాలను ముందుకు పోతే తమంతట తామే తిన్నబడేలా కాస్త వాలుగా అమరుస్తారు. వెనక్కి దొర్లిస్తే ఆ వాలే శత్రువవుతుంది, చక్రం అటో ఇటో తిరిగిపోవాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి మిగిలేది స్టీరింగ్ తాళం. అది దొంగల కోసం పెట్టినది, ఈ పనికి కాదు.

ఈ కథంతా ఫోనులో చెబితే అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు నవ్వాడు. "మామయ్యా, నేను సెలవులకు వెళ్లేటప్పుడు మంచి కారును కావాలనే అలా కట్టుకుని వెళతాను" అన్నాడు. వాడు పాత మోటారు హోమ్ ఒకటి కొన్నాడు. వంటగది, మంచం, స్నానాలగది అన్నీ ఉన్న బస్సు అది. పాల ప్యాకెట్టు కోసం దాన్ని వేసుకుని అనంతపురం పాతూరు సందుల్లోకి వెళ్లడం ఊహించండి. అందుకని అక్కడివాళ్లు చిన్న కారును తోకలా తెచ్చుకుంటారు. బస్సును విడిదిలో నిలిపి, ఊళ్లోకి కారులో పోతారు.

ఆ తోకకు వాడే సాధనాల్లో ఒకటి టో డాలీ. రెండు చక్రాలు, ఒక ఇరుసు, కారు ముందు చక్రాలు కూర్చునే రెండు పళ్లేలు, ముందుకు పొడుచుకొచ్చిన ఒక నొగ. ఇంతే. మోటారు హోమ్ వెనక ఉక్కు గుండు ఉంటుంది, నొగ చివర దాన్ని కప్పే గిన్నె. మన తుంటి కీలు కూడా గిన్నెలో గుండే. ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, ఊడిరాదు. అయినా నమ్మకం చాలక కింద రెండు గొలుసులు కడతారు, అవి కూడా ఒకదానికొకటి అడ్డంగా. గిన్నె ఊడితే నొగ నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాలలో పడుతుంది. ఇంత చవకైన తెలివి నాకు భలే నచ్చింది.

బలమున్న ఇంజను దొరికితే లాగడం కష్టమేమీ కాదు. ఆపడమే కష్టం. 950 కిలోల కారు, 250 కిలోల డాలీ కలిపి 1,200 కిలోలు అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో వాటిలో ఉన్న శక్తి సుమారు 2,96,000 జౌల్స్ (శక్తిని కొలిచే ప్రమాణం). దాన్ని పూర్తిగా ఆపితే పుట్టే వేడి, లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకెళ్లగలదు. ఇది చదును నేల లెక్క. కడప నుంచి రాయచోటికి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాటు దిగిన వారికి అసలు లెక్క ముక్కుకే తెలుస్తుంది. పాలకోవా కొనడానికి ఆగినప్పుడు, లారీల పక్కన ఆ కాలిన వాసన గుర్తుందా? 1,200 కిలోల బరువు 100 మీటర్ల ఎత్తు దిగితే, వేగం పెరగకుండా పట్టుకోవడానికే నాలుగు లీటర్ల నీళ్లు మరిగించేంత వేడిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. వేడెక్కిన బ్రేకుకు పట్టు తగ్గుతుంది. అందుకే డాలీకి కూడా సొంత బ్రేకులు పెడతారు.

వాటిలో ఒక రకం చూడముచ్చటగా ఉంటుంది. దానికి మీటా లేదు, తీగా లేదు. ముందు బండి వేగం తగ్గించగానే వెనకున్న డాలీ దాన్ని తోస్తుంది. ఆ తోపుకు నొగలోని భాగం కాస్త వెనక్కి జరిగి బ్రేకు నూనెను నొక్కుతుంది. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా బ్రేకు. ఎడ్లు నెమ్మదించినప్పుడు కాడి మెడ మీదికి నెట్టుకొస్తుంది కదా, ఆ నెట్టుడునే పనికి పెట్టారు. ఘాటులో మాత్రం ఇదే తిప్పలు తెస్తుంది. దిగువకు డాలీ తోస్తూనే ఉంటుంది కాబట్టి బ్రేకూ పట్టుకునే ఉంటుంది.

రివర్సు సంగతి వేరే లోకం. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి మూటలతో వచ్చిన ట్రాక్టర్లను చూడండి. ట్రాలీని వెనక్కి పెట్టాలంటే డ్రైవరు ముందు స్టీరింగును వ్యతిరేక దిశకు తిప్పుతాడు, ట్రాలీ వంగడం మొదలవగానే మళ్లీ ఇటు తిప్పి దాన్ని పట్టుకుంటాడు. వెనక్కి తిరిగి, ఒక చేత్తో, బీడీ ఆరకుండా. అక్కడ కీలు ఒక్కటే. డాలీ మీద కారు ఉంటే కీళ్లు రెండు: గుండు దగ్గర ఒకటి, కారు ముందు చక్రాల దగ్గర ఇంకొకటి. కొన్ని డాలీలలో పళ్లేలున్న పలకే తిరుగుతుంది, అప్పుడు కారు స్టీరింగుకు తాళం వేయాలి. పలక తిరగని వాటిలో స్టీరింగును వదిలేయాలి. రెండు పద్ధతుల్లోనూ వంగే చోట్లు రెండే.

ముందుకు లాగుతుంటే ఈ కీళ్లు బావిలోకి వేలాడదీసిన చేదలాంటివి. ఎంత ఊగినా మెల్లగా తిన్నబడతాయి. వెనక్కి తోసినప్పుడు అరచేతి మీద నిలబెట్టిన కర్రలవుతాయి. చిటికెడు వంకర క్షణంలో మూరెడవుతుంది. ఒక కర్రను నిలబెట్టేవాళ్లు మన వీధిలోనే ఉంటారు. దాని కొసన ఇంకో కర్రను నిలబెట్టడం వేరు. పైగా డాలీ పొట్టిది. పొట్టి కర్ర పొడుగు దానికంటే తొందరగా పడుతుంది, చీపురుపుల్లతోనూ వెదురు గడతోనూ మీరే చూడవచ్చు. డాలీ మీద కారు ఉండగా వెనక్కి నడపవద్దని దాన్ని అద్దెకిచ్చేవాళ్లు ముందే చెప్పి పంపుతారు.

మావాడికీ చెప్పారు. అయినా మొదటి ప్రయాణంలోనే, వెనక గోడ ఉన్న చిన్న పెట్రోలు బంకులోకి దూరాడు. బయటపడటానికి పట్టీలు విప్పి, కారు దించి, డాలీ ఊడదీసి, భార్య కారును, తాను బస్సును విడివిడిగా వెనక్కి తీసుకుని, డాలీని చేత్తో తోసుకొచ్చి, రోడ్డు వారగా అన్నీ మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. ముప్పావుగంట. వెనక వరుసలో ఉన్న పెద్దాయన ఒకరు కారు దిగి వచ్చి, ఏమీ అనకుండా, రెండో పట్టీ బిగించి వెళ్లారట.