దిద్దేవాళ్ల కోసం రాయించిన 150 ఏళ్లు

హైస్కూల్ పిల్లల చేత కథో నాటకమో చదివించి, దాని మీద వ్యాసం రాయించడం అనాదిగా వస్తున్న పద్ధతి అనిపిస్తుంది. నిజానికి దాని వయసు 150 ఏళ్లకు కాస్త అటూ ఇటూ. అంతకు ముందు పాశ్చాత్య దేశాల్లో పై చదువులకు వెళ్లే పిల్లలు బడిలో ముఖ్యంగా కుస్తీ పట్టింది లాటిన్, గ్రీకు భాషలతో. సొంత భాషలోని నవలలు ఇంట్లో తీరిక వేళ చదువుకోవాల్సినవి.

ఈ లెక్క మార్చింది ఒక ప్రవేశ పరీక్ష. అమెరికాలోని హార్వర్డ్ 1874 నుంచి చేరబోయే విద్యార్థులు ఇంగ్లిషులో ఒక చిన్న వ్యాసం రాయాలంది. షేక్‌స్పియర్ నాటకాలు మూడు, స్కాట్ రచనలు రెండు, గోల్డ్‌స్మిత్ నవల ఒకటి ముందే ప్రకటించింది. వాటిలోంచే అంశం ఇస్తారు. స్పెల్లింగు, విరామ చిహ్నాలు, వ్యాకరణం, వాక్య నిర్మాణం సరిగా ఉండాలి. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఆ నిబంధన పట్టించుకున్నది రాతలోని తప్పొప్పుల్ని. చదివిన పుస్తకం పిల్లవాణ్ణి ఏం చేసిందన్నది దానికి అక్కర్లేదు. పుస్తకం వ్యాసానికి ముడిసరుకు, వ్యాసం మార్కులకు ముడిసరుకు. మన తరగతి గదుల్లో ఇప్పటికీ కనిపించే చిక్కుకు మొదలు ఇక్కడే ఉందని నా నమ్మకం.

మిగతా కాలేజీలూ అదే బాట పట్టాయి. ఒక్కోదానికి ఒక్కో పుస్తకాల జాబితా అయ్యేసరికి బళ్లకు ఊపిరాడలేదు. 1894లో అందరికీ ఒకే జాబితా తయారు చేసే ప్రయత్నం మొదలైంది. ఫలితంగా ఏం చదవాలో కాలేజీలు నిర్ణయించడం, దాన్ని బళ్లు బోధించడం స్థిరపడిపోయింది. ఈ పెత్తనం మీద విసిగిన ఉపాధ్యాయులే 1911లో షికాగోలో ఇంగ్లిషు ఉపాధ్యాయుల జాతీయ మండలిని పెట్టుకున్నారు.

ఆ మండలి పత్రిక తొలి సంచిక 1912 జనవరిలో వచ్చింది. మొదటి వ్యాసం ఎడ్విన్ హాప్కిన్స్‌ది. ఇప్పుడున్న పరిస్థితుల్లో రాయడం బాగా నేర్పగలమా అన్నది శీర్షికలోని ప్రశ్న. లేదు అన్న జవాబుతోనే వ్యాసం మొదలవుతుంది. కారణం పిల్లల తెలివితక్కువతనమో ఉపాధ్యాయుల బద్ధకమో కాదు, పనిభారం. లెక్క వేసి చూడండి. ఒక టీచరుకు 120 మంది పిల్లలుంటే, ఒక్కో వ్యాసానికి 10 నిమిషాల చొప్పున చదివి నాలుగు మాటలు రాస్తే 20 గంటలు. పాఠాలు చెప్పే వేళ కాక, వారానికి ఒక్క వ్యాసానికే ఇంత. 1959లో హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ కూడా ఇంగ్లిషు టీచరుకు 100 మందికి మించి పిల్లల్ని ఇవ్వకూడదని సిఫార్సు చేశాడు. అంకెల మీద ఎవరికీ పేచీ లేదు. డబ్బు పెట్టాల్సి వచ్చేసరికే అందరూ వెనక్కి తగ్గారు. ఎర్ర సిరాతో స్పెల్లింగు తప్పుల కింద గీతలు గీయడం ఎందుకు పాతుకుపోయిందంటే, తక్కువ టైములో అయ్యే పని అదొక్కటే.

సాహిత్యం చదివించడం వైపు కథ వేరుగా నడిచింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో సాహిత్యం చెప్పే ఐ.ఏ. రిచర్డ్స్ కవుల పేర్లు, కాలం చెప్పకుండా కొన్ని కవితలు విద్యార్థులకిచ్చి, ఏమనిపించిందో రాసిమ్మన్నాడు. పెద్ద చదువులు చదువుతున్నవాళ్లు కూడా పద్యం సాదా అర్థాన్నే పట్టుకోలేకపోయారు. ఆ రాతల్ని 1929లో పుస్తకంగా అచ్చువేశాడు. దాంతో పద్యంలోని మాటల్ని దగ్గరగా, నిదానంగా చదివించాలన్న పట్టుదల పెరిగింది. 1938లో అమెరికా అధ్యాపకురాలు లూయీజ్ రోజెన్‌బ్లాట్ ఇంకో వైపు నుంచి వచ్చింది. పాఠకుడి అనుభవం, పేజీ మీది మాటలు కలిసిన చోటే సాహిత్యం పుడుతుందని, టీచరు చెప్పిన అర్థం బట్టీ పట్టడం చదవడం కాదని వాదించింది. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులని చాలామంది అనుకున్నారు. నాకు అలా అనిపించదు. తనకేమనిపించిందో పిల్లవాడు చెప్పాలి, ఆ తర్వాత ఏ మాట వల్ల అలా అనిపించిందో వేలుపెట్టి చూపించాలి. పరీక్షలు మాత్రం రెంటినీ వదిలేసి అలంకారాల పేర్లు అడిగాయి.

రాత విషయంలో గట్టి దెబ్బ 1963లో తగిలింది. అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని జల్లెడ పట్టిన ఒక నివేదిక, వ్యాకరణ సూత్రాలు విడిగా బోధిస్తే రాత మెరుగుపడదని, రాసే సమయాన్ని మింగేస్తుంది కాబట్టి హాని కూడా చేయొచ్చని తేల్చింది. 1971లో అమెరికా పరిశోధకురాలు జానెట్ ఎమిగ్ ఇంకా దగ్గరికి వెళ్లింది. పన్నెండో తరగతి పిల్లలు ఎనిమిది మందిని, రాస్తున్నంతసేపూ మనసులో మాట పైకి చెబుతూ రాయమంది, రికార్డు చేసింది. పాఠ్యపుస్తకాలు చెప్పే వరుస అక్కడ కనిపించలేదు. వాళ్లు రాస్తూ ఆగుతారు, వెనక్కి వెళతారు, అనుకున్నది మార్చుకుంటారు. బడి కోసం రాసినవి మాత్రం ఒకసారి ముగించాక మళ్లీ ముట్టుకునేవాళ్లు తక్కువ. 1975లో ఇంగ్లండులో జేమ్స్ బ్రిటన్ బృందం సుమారు 2,000 బడి రాతలు పరిశీలిస్తే, దాదాపు సగం మార్కులు వేసే టీచరును ఉద్దేశించి రాసినవే. ఆ టీచరుకు జవాబు ముందే తెలుసు. తెలిసినవాడికే తెలిసిన సంగతి చెప్పడంలో ఏ పిల్లవాడికి ఉత్సాహం ఉంటుంది?

1974లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జేమ్స్ గ్రే టీచర్ల కోసం మొదలుపెట్టిన ప్రాజెక్టు నాకు అన్నిటికంటే నచ్చింది. వేసవిలో ఉపాధ్యాయులే కూర్చుని రాశారు, ఒకరిది ఒకరు చదివి మాట్లాడుకున్నారు. ఖాళీ కాగితం ముందు టెన్షన్ ఎలా ఉంటుందో ఎరిగిన టీచరు, పిల్లల చిత్తుప్రతిని చూసే తీరే వేరు. అయితే మరుసటి ఏడాదే పిల్లలకు రాయడం రావట్లేదంటూ పత్రికల్లో గగ్గోలు లేచింది, గాలి మళ్లీ వ్యాకరణం వైపు, పరీక్షల వైపు మళ్లింది. బడిలో పిల్లలకు ఏమేం రావాలో చెప్పే 2010 నాటి అమెరికా ఉమ్మడి ప్రమాణాలు (కామన్ కోర్) పన్నెండో తరగతికి వచ్చేసరికి అన్ని సబ్జెక్టులూ కలిపి చదివేదాంట్లో 70 శాతం సమాచార పాఠాలుండాలన్నాయి. కథలకూ కవితలకూ మిగిలింది 30 శాతం.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. దిద్దేవాళ్ల కోసం రాసే తప్పుల్లేని వ్యాసాన్ని అది నిమిషంలో ఇచ్చేస్తుంది. అందుకే ఇప్పుడు టీచర్లు తరగతిలోనే చేత్తో రాయిస్తున్నారు, చిత్తుప్రతులు అడుగుతున్నారు, పక్కన కూర్చోబెట్టుకుని ఈ వాక్యం ఎందుకిలా రాశావని మాట్లాడుతున్నారు. ఈ పనులన్నిటికీ కావాల్సింది టీచరు సమయం, ఒక్కో టీచరు చేతిలో ఇప్పుడున్నంత మంది పిల్లలుంటే అది దొరకదు.