“ఊళ్లో కూర్చుని కబుర్లు చెప్పడమేగా?” ఫీల్డ్‌వర్క్ మీద అపోహలు - వాస్తవాలు

మానవశాస్త్రం అంటే గోదావరి డెల్టాలో నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న “అంటే ఎముకలు తవ్వుతారా అండీ?” అని. రెండోది “దాంట్లో ఉద్యోగాలుంటాయా?” అని. రెండోదానికి మా ఇంట్లోవాళ్లకే ఇంకా సరైన జవాబు చెప్పలేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం. కోనసీమలోనూ అటు నరసాపురం వైపూ ఊళ్లలో ఫీల్డ్‌వర్క్ చేస్తుంటాను, అంటే జనం మధ్య ఉండి చూసిందీ విన్నదీ రాసుకునే పని, అక్కడ జనం నోట, కాలేజీల్లో పిల్లల నోట పదే పదే వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మానవశాస్త్రం అంటే కొండల మీద గిరిజనుల దగ్గరికి వెళ్లడమే.

ఈ పేరు ఊరికే రాలేదు లెండి. మన గోదావరి ఒడ్డునే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ పాపికొండల వైపు కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో పుస్తకం వేశారు. కానీ మన దేశపు మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే హైదరాబాద్ పక్కన శామీర్‌పేట మీద రాసిన పుస్తకం 1955లోనే వచ్చింది, అది కొండా కాదు కోనా కాదు, మామూలు ఊరు. డెల్టా సంగతికొస్తే, నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలి పుస్తకం 1982లో వచ్చింది. రోజంతా అరుగు మీద కూర్చుని అల్లుతున్న మనిషిని కార్మికురాలు అనకుండా గృహిణి అనేస్తే కూలి ఎంత తక్కువకు కుదురుతుందో, ఆ లేసు విదేశాలకు ఎలా వెళ్తుందో ఆమె చూపించారు. ఇవాళ భీమవరం చుట్టుపక్కల రొయ్యలు ఒలిచే షెడ్ల దగ్గర నిలబడి అడగాల్సిన ప్రశ్నలు కూడా దాదాపు ఇవే.

అపోహ: సొంత జిల్లా, సొంత భాష, ఇంకేం కష్టం?

భాష సుఖమే, కాదనను. కానీ వీధి మొదట్లో అడుగు పెట్టగానే “ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ?” అని రెండే రెండు ప్రశ్నలు వేస్తారు, ఆ రెండింటితో నా కులం, మా నాన్నగారి పరపతి, ఈ ఊళ్లో ఎవరింటికి నేను చుట్టమవుతానో అన్నీ తేలిపోతాయి. ఆ క్షణం నుంచి ఒక వీధిలో నేను “అమ్మాయిగారు”, ఇంకో వీధిలో “పాప”, మూడో చోట ఎవరికో వరసకు మేనకోడలు. మేనకోడలికి చెప్పే సంగతులు వేరు, అమ్మాయిగారికి చెప్పేవి వేరు. విదేశం నుంచి వచ్చినవాళ్లు “హోటల్ బయట ఆ గ్లాసు విడిగా ఎందుకు పెట్టారు?” అని అమాయకంగా అడిగితే ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెబుతారు, అదే నేను అడిగితే “మీకు తెలీందేముందండీ” అని నవ్వేసి టీ అందిస్తారు. నాకు తెలుసని వాళ్లు అనుకోవడమే నాకు అడ్డు.

దీనికి తోడు గది ఎక్కడ అద్దెకు తీసుకున్నామన్నది. డెల్టా ఊళ్లలో ఊరు వేరు, దళితులుండే పేట వేరు. ఊళ్లో పెద్ద రైతు డాబా మీద గది దొరుకుతుంది, బాత్‌రూమ్ బాగుంటుంది, భోజనం కూడా వాళ్లే పెడతామంటారు. అక్కడ దిగి మర్నాడు పేటలోకి వెళ్లి కూలి రేట్లు అడిగితే, ఆ రైతు వినగలిగిన జవాబులే వస్తాయి. పేటలో దిగితే ఊరు ముఖం ముడుచుకుంటుంది. మధ్యే మార్గం అనేది లేదు, స్కూలు టీచర్ ఇంట్లో దిగినా ఆ టీచర్‌కూ ఒక వీధి ఉంటుంది. “నేను ఎవరి పక్షమూ కాదు” అని రాసుకోవడం కన్నా, ఎవరింట్లో ఉండి ఈ మాట విన్నానో నోట్సులో రాసుకోవడం నయం.

అపోహ: మంచి ప్రశ్నాపత్రం తయారు చేసుకుని నింపుకొస్తే చాలు.

సర్వేలను నేను తీసిపారేయను, ఎంతమంది, ఎంత విస్తీర్ణం లాంటివి తెలియాలంటే అవి కావాల్సిందే. కానీ “మీరు ఎంత పొలం సాగు చేస్తున్నారు?” అన్న ప్రశ్ననే తీసుకోండి. డెల్టాలో చాలా పొలాల యజమానులు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, దున్నేది కౌలు రైతు. కౌలు అంతా నోటి మాట మీదే. కాగితం మీదకు ఎక్కితే కౌలుదారుకు ఏదో ఒక హక్కు పుడుతుందేమోనని యజమానికి భయం, కాగితం అడిగితే వచ్చే ఏడాది పొలం వేరేవాళ్లకు పోతుందేమోనని కౌలుదారుకు భయం. 2011లో కౌలు రైతులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది, 2019లో దాని స్థానంలో సాగుదారుల హక్కు పత్రం వచ్చింది, ఆ పత్రం 11 నెలలకు, అదీ యజమాని సంతకం పెడితేనే. ఇంత చరిత్ర ఉన్న చోటికి ఫారం, పెన్ను పట్టుకుని ఒక కొత్త మనిషి వెళ్లి పొలం ఎవరిదని అడిగితే ఏమంటారు? “కూలికెళ్తానండి” అంటారు. ఫారంలో కూలీ అని పడుతుంది. ఆయన అబద్ధం ఆడినట్టు కాదు, ఆ ప్రశ్నకు ఆ కాగితం మీద పెట్టగలిగిన జవాబు అదొక్కటే.

అదే మనిషితో కొన్నాళ్లు గట్టు మీద కూర్చుంటే, పొలం ఎవరిదన్న మాటే ఎత్తక్కర్లేదు. ఎరువు ఎవరి దగ్గర అరువు తెచ్చారు, తుఫానుకు చేను పడిపోతే వచ్చిన పరిహారం ఎవరి ఖాతాలో పడింది, ఈ సార్వాకి (వానాకాలం పంటకి) ఎన్ని బస్తాలు కొలవాలి అని మాట సాగుతుంది. సార్వా అంతా కౌలుకే పోతుంది, దాళ్వా (రెండో పంట) మీదే మా ఆశ, దాళ్వాకి నీళ్లు వస్తాయో రావో ఆ ధవళేశ్వరం ఆనకట్టే చూసుకోవాలి అని ఆయనే చెప్పుకొస్తారు. లెక్క మొత్తం అందులోనే ఉంది. కాకపోతే రావడానికి టైమ్ పడుతుంది, ఆ టైమ్‌ను ఏ ప్రాజెక్టు బడ్జెట్‌లోనూ రాయలేం, గైడ్‌తో ప్రతిసారీ ఇదే గొడవ.

అపోహ: ఎప్పుడు వెళ్లినా ఒకటే.

నాట్లప్పుడు వెళ్తే ఎవరూ పలకరు. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక వెళ్లండి, మాట్లాడతారు. రొయ్యల పట్టుబడి గురించి రాయాలంటే మాత్రం అర్ధరాత్రి చెరువు గట్టు మీద ఉండాలి, పగలు వెళ్తే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూ కనిపిస్తాయి, అంతే.

అపోహ: సంతకం పెట్టించుకుంటే అనుమతి ఉన్నట్టే.

యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీలు సమ్మతి పత్రం అడుగుతాయి, ఉద్దేశం మంచిదే. కానీ వేలిముద్ర వేసిన కాగితం వల్ల తాతల నాటి సెంటు భూమి పోయిన కథ లేని ఇల్లు పేటలో తక్కువ. అక్కడ కాగితం తీస్తే అప్పటిదాకా నడిచిన మాట ఆగిపోతుంది. అందుకే నోటి మాటతో అనుమతి తీసుకునే పద్ధతి కూడా ఉంది, కమిటీకి ముందే వివరించి ఒప్పించుకోవాలి. అది కూడా ఒకసారి అడిగి వదిలేసేది కాదు. నిన్న కబుర్లలో చెప్పిన అప్పు సంగతి ఇవాళ రాసుకోవచ్చా అని మళ్లీ అడగాలి, వద్దంటే కొట్టేయాలి. అలా మంచి మంచి ముక్కలు పోతాయి, కడుపు మండుతుంది, అయినా సరే.

అపోహ: ఫోన్‌లో రికార్డ్ చేసేస్తే నోట్సు ఎందుకు?

ఫోన్ బల్ల మీద పెట్టగానే డెల్టా మనిషి వార్తల భాషలోకి వెళ్లిపోతాడు, ఒక్కసారిగా “మా ప్రాంత అభివృద్ధి” మొదలవుతుంది. పైగా ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు రాగానే మాట మారింది, ఇవి ఆడియోలో వినపడవు. అందుకే ఆ రాత్రే రాయాలి, నిద్ర ముంచుకొస్తున్నా, దోమలు కుడుతున్నా.

రాసింది జాగ్రత్త చేయడం ఇంకో టెన్షన్. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూర్ దగ్గర రాంపుర అనే ఊళ్లో పని చేశారు, ఆ నోట్సు నుంచి ఏళ్ల తరబడి విశ్లేషించి తయారు చేసుకున్న ప్రతులు 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన మంటల్లో కాలిపోయాయి. జ్ఞాపకం మీద రాసిన పుస్తకం 1976లో వచ్చింది. ఇప్పుడు మనకు క్లౌడ్ ఉంది, కానీ ఆయనకు లేని భయం ఒకటి ఉంది. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టే గొడవలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి, ఇంటర్నెట్ ఆపేశారు. అలాంటి రోజుల్లో పేరు, కులం, ఎవరు ఎవరిని ఏమన్నారు అన్నీ వరసగా రాసి ఉన్న నోట్‌బుక్ సంచిలో పెట్టుకుని బస్సెక్కడం ఎంత పిచ్చితనమో ఆలోచించండి. అందుకే పేర్లకు గుర్తులు వాడి, ఏ గుర్తు ఎవరిదో రాసిన కాగితం వేరే ఊళ్లో ఉంచాలి.

అపోహ: పరిశోధకురాలు ఆడమనిషి అయితే ఆడవాళ్లు అన్నీ చెప్పేస్తారు.

వంటింటి దాకా రానిస్తారు, అది నిజం. వంటింట్లో అత్తగారు కూడా ఉంటారన్నది పుస్తకాల్లో రాయరు. కువైట్‌లో ఇంటి పని చేసి వచ్చిన ఆవిడ జీతం ఎంత, పంపిన డబ్బు ఎవరి చేతిలో పడింది, ఏజెంట్‌కు ఎంత కట్టారు అన్నవి అత్తగారి ముందు రావు, భర్త ముందు అసలే రావు. రేవులోనో ఆటోలోనో వస్తాయి. ఈలోపు నా పెళ్లి సంగతి, అవ్వకపోతే ఎందుకు అవ్వలేదన్నది ముందు తేలాలి, అడిగినవాళ్లకు జవాబు ఇవ్వాల్సిందే, నేను వాళ్లను అడుగుతున్నది అంతకన్నా ఎక్కువే కదా.

అపోహ: ఊరి పేరు, మనుషుల పేర్లు మార్చేస్తే ఇక ఎవరికీ తెలియదు.

“వశిష్ఠ గోదావరి ఒడ్డున, రేవు పక్కన గుడి, గుడి వెనక మూతపడ్డ రైస్ మిల్లు” అని రాస్తే నరసాపురం బస్టాండ్‌లో ఎవరైనా ఊరి పేరు చెప్పేస్తారు. ఊరు తెలిశాక “గల్ఫ్ నుంచి వచ్చి టిఫిన్ హోటల్ పెట్టిన ఆవిడ” ఎవరో ఊళ్లోవాళ్లకు ఒకరు చెప్పాలా? ఒకప్పుడు థీసిస్ లైబ్రరీలో దుమ్ము పట్టేది, ఇప్పుడు ఊరి వాట్సాప్ గ్రూప్‌లో పీడీఎఫ్ తిరుగుతుంది. అందుకే రేవును కాలువ చేస్తాను, టిఫిన్ హోటల్‌ను కుట్టు మిషన్ చేస్తాను, ఒకే మనిషి చెప్పిన రెండు మాటల్ని రెండు వేర్వేరు పేర్ల కింద పెడతాను, అలా మార్చానని ముందుమాటలో చెప్పేస్తాను. అప్పటికీ దాగని సంగతి అయితే అచ్చు వేయకముందు ఆ పేజీ తీసుకెళ్లి ఆవిడకే చదివి వినిపిస్తాను. కొందరు “ఉండనివ్వండి, నా అసలు పేరే వేయండి” అంటారు. వాళ్లతో మాత్రం మళ్లీ మొదటి నుంచి మాట్లాడాలి, వాళ్ల ఇంట్లోవాళ్ల పేర్లు కూడా బయటపడతాయి కాబట్టి.