క్రూయిజ్ టికెట్‌లో అన్నీ కలిసే ఉంటాయా? అపోహలు - వాస్తవాలు

వేసవి సెలవులయ్యాక గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన విజయవాడ గవర్నర్‌పేటలోని మా ట్రావెల్ ఆఫీసుకొచ్చి, బల్ల మీద ఒక కాగితం పెట్టారు. ఓడలో ఆఖరి రాత్రి కేబిన్‌కు వచ్చిన బిల్లు. నలుగురికీ రోజువారీ సర్వీస్ చార్జీ, పిల్లలు తాగిన కూల్‌డ్రింకులు, వైఫై, ఒక పూట స్పెషల్ రెస్టారెంట్. "అన్నీ కలిపే అన్నారండీ, మరి ఇదేంటి?" అని అడిగారు. టికెట్ వేరేచోట కొన్నారు. బిల్లు సరిగ్గానే ఉంది. కొనేముందు ఆయనకు ఎవరూ ఇది విప్పి చెప్పలేదు, అంతే. ఇలాంటి బిల్లులు నాకు ఏటా కనిపిస్తూనే ఉన్నాయి.

అపోహ: టికెట్ రేటు తక్కువున్న కంపెనీయే చవక.

వాస్తవం: టికెట్‌లో కేబిన్, మెయిన్ డైనింగ్‌లోనూ బఫేలోనూ భోజనం, షోలు, పూల్, కిడ్స్ క్లబ్ వస్తాయి. పోర్ట్ చార్జీలు, ట్యాక్సులు, గ్రాట్యుటీ చాలా కంపెనీలు పైన వేస్తాయి. గ్రాట్యుటీ అంటే మనకు నచ్చితే ఇచ్చే టిప్పు అనుకుంటారు. కాదండీ, ఆ బిల్లులోని సర్వీస్ చార్జీ ఇదే, మనిషికి రాత్రికి ఇంతని పడుతుంది, చాలా ఓడల్లో పిల్లలకూ పడుతుంది. 18 డాలర్లనుకోండి: నలుగురికి 4 రాత్రులకు 288 డాలర్లు. అంటే పాతిక వేల రూపాయల పైనే! "పిల్లలకు ఫ్రీ" అన్నా ఫ్రీ అయ్యేది టికెట్ మాత్రమే, అదీ అమ్మానాన్నల కేబిన్‌లోనే మూడో, నాలుగో మనిషిగా ఉంటేనే. వాళ్లకూ పోర్ట్ చార్జీలు తప్పవు. అందుకే ఏ ఏజెంటునైనా, నన్నైనా సరే, ఒక్కటే అడగండి: "నలుగురం ఓడ దిగేసరికి మొత్తం ఎంతవుతుంది?" ఆ అంకె రాసివ్వనివాళ్ల దగ్గర అడ్వాన్సు కట్టొద్దు.

అపోహ: ఏ ఓడైనా ఒకటే.

వాస్తవం: మన దేశపు క్రూయిజ్ కంపెనీ కార్డీలియా వారి ఎంప్రెస్ 1990 నాటి ఓడ, చిన్నది. కానీ మన దేశంలోనే తిరిగే ట్రిప్పులకు పాస్‌పోర్ట్ అక్కర్లేదు, మన భోజనం దొరుకుతుంది. పెద్దవాళ్లతో మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను దాన్నే చెబుతాను. సింగపూర్ నుంచి వెళ్లే జెంటింగ్ డ్రీమ్ దానికి మూడింతలు. వాటర్ స్లైడ్లున్నాయి, ఇండియన్ వెజిటేరియన్ కూడా పెడతారు. ఎదిగిన పిల్లలుంటే రాయల్ కరీబియన్ కంపెనీ ఓడలు. డిస్నీ వారి ఓడ డిస్నీ అడ్వెంచర్ సింగపూర్‌లో ఎక్కితే మళ్లీ సింగపూర్‌లోనే దిగడం, మధ్యలో ఏ ఊళ్లోనూ ఆగదు. ఊళ్లు చూద్దామనుకునేవాళ్లు అది తీసుకుని బాధపడతారు.

అపోహ: వీసా ఓడవాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: చూసుకోరు. సింగపూర్‌కు మల్టిపుల్ ఎంట్రీ వీసా (ఒకటికంటే ఎక్కువసార్లు లోపలికి రానిచ్చేది) ఉండాలి, ఎందుకంటే ఓడ తిరిగొచ్చాక మళ్లీ ఆ దేశంలోకి అడుగుపెట్టాలి. పసిపిల్లలకు 6 నెలలు నిండాలి, కొన్ని రూట్లలో ఏడాది. 24 వారాలు దాటిన గర్భిణులను ఎక్కించుకోరు.

ఇక భయం. 2017లో కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడ్డాక ఈ ఊళ్లో నీళ్లంటే భయపడేవాళ్లను నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను. 2012లో ఇటలీలో కోస్టా కాంకోర్డియా ప్రమాదం తర్వాత అంతర్జాతీయ నిబంధన మార్చారు: కొత్తగా ఎక్కినవాళ్లకు ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే, సేఫ్టీ డ్రిల్ జరగాలి. ప్రమాదం జరిగితే ఎక్కడ చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో అప్పుడే చూపిస్తారు.

మాతో ఓడెక్కినప్పుడు మా అమ్మ కూడా భయపడింది. ఆవకాయ సీసా టెర్మినల్ స్కానింగ్ దగ్గరే ఆగిపోయిందన్న బాధ ఒకవైపు (ఇంట్లో చేసినవి చాలా ఓడల్లోకి రానివ్వరు, సీల్ ప్యాకెట్లే మేలు). కేబిన్‌లోకి రాగానే అలమర తీసి లైఫ్ జాకెట్లు లెక్కపెట్టింది. మా పాపకు సరిపోయేది లేదంది. కేబిన్ చూసుకునే స్టీవార్డ్‌కు చెబితే పది నిమిషాల్లో చిన్నది తెచ్చాడు. దాన్ని పాపకు తొడిగి, బకిల్ రెండుసార్లు పెట్టి తీసి చూసుకున్నాకే అమ్మ చెప్పులు విప్పి మంచమెక్కింది.