కాపుల మాట, పంచాయతీ తీర్మానం: నెల్లూరు తీరంలో రెండు పెద్దరికాలు

నెల్లూరు తీరంలో పట్టపు కులం మత్స్యకారుల పల్లెలైన పట్టపుపాలేల్లో ఓట్లతో ఏర్పడే గ్రామ పంచాయతీకి పక్కనే, ‘కాపులు’ అనే పెద్దల సభ తరతరాలుగా నడుస్తోంది. ఇక్కడ కాపు అంటే కులం పేరు కాదు, ఊరి పెద్ద. ఏ వల వాడకూడదు, ఏ రోజు వేటకు వెళ్లకూడదు, తగాదాలో తప్పు ఎవరిది, గంగమ్మ జాతరకు ఇంటికెంత చందా అన్నవి వారే తేలుస్తారు. వారు విధించే కట్టడిని దురాయి అంటారు.

ఈ పెద్దరికం ఇంతకాలం నిలవడానికి కారణం ఉంది. మద్రాసు రాష్ట్ర కాలం నుంచీ ఊళ్లో సర్కారు మనుషులైన మునసబు, కరణాల చూపంతా శిస్తు మీద, అంటే సాగుభూమి మీద ఉండేది; ఇసుక మీద గుడిసె వేసుకుని కడలి మీద బతికేవారి తగవు తీర్చే తీరిక వారికి లేదు. 1959లో పంచాయతీరాజ్ వచ్చినా, అనేక పాలేలు తీరానికి లోపలి వైపున్న మెట్ట ఊరి పంచాయతీకి శివారుగానే మిగిలాయి. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. 73వ రాజ్యాంగ సవరణను అనుసరించి 1994లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టంతో సర్పంచుకు నిధులపై, పనులపై అధికారం పెరిగింది. నాటి నుంచి నీళ్ల ట్యాంకు ఎక్కడ కట్టాలన్నది రామాలయం అరుగు మీద కాపుల ముందు తేలితే, దాని బిల్లు మీద సంతకం పంచాయతీ కార్యాలయంలో పడడం మామూలైంది.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఈ పొత్తు విలువ తెలిసింది. ఎవరి పడవ పోయింది, అందులో ఎందరికి వాటా ఉంది అన్నదానికి కాగితాలు తక్కువ. కాపులకు మాత్రం నోటిలెక్కగా తెలుసు. అయితే ఆ లెక్క వారి కులం ఇళ్లతోనే ఆగిపోతుంది. పాలెం అంచున కాలువల్లో చేపలు పట్టే యానాది గిరిజన కుటుంబాలకు ఆ అరుగు మీద చోటు లేదు.

కాపుల సాయం తీసుకోవడం తప్పని నేను అనను. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి అధికారి మాట కంటే పెద్దకాపు వేయించిన దండోరాకే పడవలు త్వరగా ఒడ్డెక్కుతాయి. కానీ ఎదురు చెప్పినవాడికి అంగట్లో సరుకు, బావిలో నీళ్లు అందకుండా చేసే దురాయి, సర్పంచు అభ్యర్థిని ముందే ఖాయం చేసే ఏకగ్రీవం ఆ సాయానికి బదులుగా ఇచ్చే ధర కాకూడదు. పంచాయతీ స్థానాల్లో సగం మహిళలకు కేటాయించారు. చేపలగంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి ఇల్లు నడిపే ఆ ఆడవాళ్లు కాపుల సభ జరుగుతున్నంతసేపూ ఇంకా అరుగు కిందే నిలబడి వింటున్నారు.