ముందురోజు సాయంత్రమే కిందికి దిగండి

మహబూబ్‌నగర్

ప్రియమైన పిల్లలకు,

ఈ ఏడే యూనివర్సిటీ హాస్టల్లో చేరిన మా మనవరాలు మొన్న నాకు పొడుగాటి మెసేజ్ పెట్టింది. ఫ్రెషర్స్ డేకి వెళ్లిందట, హాస్టల్లో ఆడిన బతుకమ్మకూ వెళ్లిందట. "అందరూ ఫొటోలు దిగుతున్నరు అమ్మమ్మా. నేను కుర్చీలో కూర్చుని చూసి పైకి వచ్చేసిన. అంతమందిలో ఉన్నా ఒక్కదాన్నే ఉన్నట్టనిపించింది. ఇంకోసారి పోను, ఆ టైంలో చదువుకుంటా" అని రాసింది. దానికి జవాబు రాయబోతే, హాస్టళ్లలో ఉన్న మీ అందరికీ చెప్పాల్సిన మాటే కదా అనిపించింది. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

మా మనవరాలు చెప్పింది నిజం. కుర్చీలో కూర్చుని చూసినవాళ్లకు ఏ ఫంక్షన్‌లోనూ ఏమీ దొరకదు. హాస్టల్లో స్నేహాలు కుదిరేది స్టేజీ ముందు కాదు. ముందురోజు సాయంత్రం వరండాలో, మెస్ వెనక, మెట్ల మీద కుదురుతాయి. అందుకే నేను పిల్లలకు ఎప్పుడూ ఒకటే చెప్పేదాన్ని: ఫంక్షన్‌కు వచ్చినా రాకున్నా సరే, ముందురోజు సాయంత్రం మాత్రం కిందికి దిగండి.

బతుకమ్మ సంగతే తీసుకోండి. అసలు పండుగ పెత్రమాసనాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. అప్పటికి మీకు దసరా సెలవులు వచ్చి అందరూ ఊళ్లకు పోతారు. కాబట్టి హాస్టళ్లలో సెలవులకు ముందే ఆడేస్తారు. అలా ముందుగా ఆడాలంటే పూలు ఎక్కడివి? బజారులో బంతి, చామంతి కొనుక్కోవచ్చు. తంగేడు, గునుగు మాత్రం తిరిగి తెచ్చుకోవాల్సిందే. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ అన్నెపర్తి దగ్గర ఉంది, మన పాలమూరు యూనివర్సిటీ బండమీదిపల్లి దగ్గర. రెండూ ఊరి మధ్యలో లేకపోవడం ఈ విషయంలో మేలే. చెలకల గట్ల మీద గునుగు ఎక్కడ మొలుస్తుందో, గుట్టల దిక్కు తంగేడు ఎక్కడ పూస్తుందో పల్లెటూరి పిల్లకు చెప్పక్కర్లేదు. క్లాసులో ఇంగ్లిష్ రాదని తల వంచుకుని కూర్చునే అమ్మాయి ఆరోజు ముందు నడుస్తుంది, మిగతావాళ్లు ఆమె వెనక నడుస్తారు. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

పూలు వచ్చాక ఇంకా పెద్ద పని. గునుగును కట్టలు కట్టి, కాడలు సమానంగా కోసి, కొనలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టాలి. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు పేర్చి, వరుస మీద వరుస గుండ్రంగా పైకి తీసుకుపోవాలి. మధ్యలో ఆకులూ పూల తునకలూ నింపకపోతే నాలుగో వరుసకే కుంగిపోతుంది. చివర గుమ్మడిపువ్వు, పసుపు గౌరమ్మ. ఇది ఒక్కరి వల్ల కాదు. ఒకరు పేరుస్తుంటే ఒకరు అందించాలి, ఇంకొకరు సిబ్బి పట్టుకోవాలి. చేతులు పనిలో ఉన్నప్పుడు మాట దానంతటదే వస్తుంది. ఏం మాట్లాడాలో అన్న టెన్షన్ ఉండదు. మీ ఇంట్లో ఎట్లా పేరుస్తరు, మా అమ్మ ఇట్ల కాదు, అని మొదలవుతుంది.

నారాయణపేట, మక్తల్ దిక్కు పిల్లల తెలుగులో కన్నడ మాటలు కలుస్తాయి. కొడంగల్ అయితే 1956 దాకా గుల్బర్గా జిల్లాలోనే ఉండేది. దేవరకొండ పిల్ల యాస వేరు, గద్వాల పిల్ల యాస వేరు. గునుగు కట్టలు కట్టే ఆ రెండు గంటల్లో ఒకరి యాసను ఇంకొకరు పట్టుకుని నవ్వుకుంటారు. ఆ నవ్వులో వెక్కిరింత ఉంటే మాత్రం అక్కడికక్కడే ఆపించండి. మాట గురించి నవ్వులపాలైన పిల్ల మళ్లీ నోరు తెరవదు.

డీజే గురించి కూడా చెప్పనివ్వండి. పెద్ద పెద్ద బాక్సులు తెచ్చి పాటలు పెడితే ఎగరడం వచ్చినవాళ్లే మధ్యలో ఉంటారు, మిగతావాళ్లు గోడ వారగా నిలబడతారు. నోటితో పాడితే అట్లా కాదు. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. పాట రానివాళ్లు కూడా ఆ ఒక్క మాట అనగలరు, చప్పట్లు కొట్టి వలయంలో నడవగలరు. చివర్లో ఒక గంట డీజే పెట్టుకోండి, నేను కాదనను. మొదటి గంట మాత్రం మీ గొంతులకే ఉంచండి.

మా హాస్టల్లో దేవరకొండ దగ్గరి తండా నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. ఏ ఫంక్షన్‌కూ కిందికి వచ్చేది కాదు. తలనొప్పి అనేది, పరీక్ష అనేది. శ్రావణంలో ఇద్దరు ముగ్గురు లంబాడా పిల్లలు తీజ్ ఆడుకుంటామని అడిగితే సరేనన్నాను. తీజ్ అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి, నానబెట్టిన గోధుమలు చల్లి, పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. తండాలో అయితే మంచె కట్టి బుట్టలు దానిపైన పెడతారు. తొమ్మిది రోజులకు గోధుమ నారు ఏపుగా లేస్తుంది. అప్పుడు తీసుకుపోయి నీళ్లలో కలుపుతారు. ఆ మూకలో పాటలన్నీ పూర్తిగా వచ్చింది ఈ తలనొప్పి అమ్మాయికే. నీళ్లు ఎంత పోయాలి, ఎండ ఎంత తగలాలి, అన్నీ ఆమెను అడగాల్సి వచ్చింది. రెండో రోజుకల్లా వేరే రూముల పిల్లలు చెంబులతో డాబా మీదికి ఎక్కడం మొదలుపెట్టారు. ఆ ఏడు బతుకమ్మకు ఆమెను ఎవరూ పిలవలేదు, తనే వచ్చి గునుగు కోసింది. ఆ అమ్మాయికి జనమంటే భయం లేదు. ఆ జనంలో తనకంటూ ఒక పని లేకపోవడమే అప్పటిదాకా బాధ.

మీలో కొందరికి నిజంగానే గుంపు పడదు. వాళ్లను లాక్కురావద్దు. ఖర్చుల లెక్క రాయమనండి, ముగ్గు వేయమనండి, నోటీసు బోర్డు మీద రాయమనండి. అదీ వద్దంటే ఊరుకోండి.

డబ్బుల విషయం జాగ్రత్త. చందా ఎంత అనేది అందరికంటే తక్కువ ఉన్నవాళ్లను తలుచుకుని పెట్టండి. మన పాలమూరు పిల్లల్లో అమ్మానాన్నలు ముంబైకో పుణెకో వలస పోయినవాళ్లు ఉంటారు. ఇరవై రూపాయలు కూడా అడగలేని నెలలు ఉంటాయి వాళ్లకు. ఇవ్వనివాళ్ల పేర్లు గ్రూపులో పెట్టడం కన్నా పెద్ద అవమానం లేదు. డబ్బా ఒకటి పెట్టండి, వేయగలిగినవాళ్లు వేస్తారు. పేరెంట్స్ వచ్చే రోజున తమకోసం ఎవరూ రాని పిల్లలు ఉంటే, మీ అమ్మ తెచ్చిన సజ్జరొట్టెలు వాళ్ల ముందు కూడా విప్పండి.

ఇవన్నీ టైం వేస్ట్ అనేవాళ్లకు ఒక సంగతి. మన దిక్కు చదువు నిలబడిందే హాస్టళ్ల మీద. 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ మొదలుకావడం వెనక ఉన్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారు మన పాలమూరు ప్రాంతం మనిషి. ఆ హాస్టల్ బాధ్యత చూసిన సురవరం ప్రతాపరెడ్డి గారూ మనవారే. 1938లో ఉస్మానియా హాస్టళ్ల పిల్లలు ప్రార్థనకు కూడి వందేమాతరం పాడితే నిజాం ప్రభుత్వం కూడదంది. పిల్లలు మానలేదు, చాలామందిని చదువుల్లోంచి తీసేశారు. ఆ ఉద్యమంలో పాల్గొని నాగపూర్ పోయి చదువుకున్నవాళ్లలో పి.వి. నరసింహారావు గారు ఒకరు. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1971లో, అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో రాష్ట్రంలోనే మొదటి గురుకులం పెట్టారు. ఒక హాలులో కూడి కలిసి పాడుకునే అలవాటే ఆ పిల్లలకు లేకపోతే, వద్దన్ననాడు ఒక్కమాట మీద నిలబడేవారా?

ఫ్రెషర్స్ డే గురించి ఒక్కటి గట్టిగా చెప్తాను. పరిచయం పేరుతో స్టేజీ ఎక్కించి, ఇష్టం లేని పని చేయించి నవ్వడం ర్యాగింగే. 1997 నుంచి దాన్ని నిషేధించే చట్టం ఉంది, మన రాష్ట్రంలోనూ అమల్లో ఉంది. మీకు జరిగినా, పక్క రూము పిల్లకు జరిగినా 1800-180-5522కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. సీనియర్లుగా ఉన్నవాళ్లకు నా మనవి ఏమంటే, కొత్త పిల్లలను ఆరోజు ఆడించవద్దు, ముందురోజు మీతోపాటు కాగితాలు కత్తిరించమని పిలవండి.

చదువు పోతుందన్న భయం ఉంటే ఏడాదికి రెండు మూడు పండుగలు ఎంచుకోండి, అన్నిటికీ తిరగక్కర్లేదు. పరీక్షల ముందు వారం ఎవరు పిలిచినా రానని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మా మనవరాలికి విడిగా కూడా రాస్తున్నాను. బిడ్డా, మీ హాస్టల్లో తీజ్ ఆడతారో లేదో కనుక్కో. ఆడేటట్టుంటే శ్రావణం రాకముందే చెప్పు, గోధుమలు నేను పంపిస్తా. బుట్టలు ఎక్కడ దొరుకుతాయో మాత్రం మీరే తిరిగి తెలుసుకోవాలి.

మీ అమ్మమ్మ